దుబ్బు విడదీసి చూసేవాళ్లు

అన్నలారా, తమ్ముళ్లారా, వరిలో సుడిదోమ సంగతి మీకు తెలిసిందే. గట్టు మీద నిలబడితే చేనంతా పచ్చగానే ఉంటుంది. మడిలో దిగి దుబ్బు విడదీస్తేనే దోమ కనపడుద్ది.

ఆదివారం చర్చిలో మనం ఒకర్నొకరు గట్టు మీంచే చూసుకుంటాం. "వందనాలు బ్రదర్, బాగున్నారా?" అంటే "దేవుని కృప" అని ఇంటికెళ్లిపోతాం.

మా ఊళ్లో ఎనిమిది ఇళ్లోళ్లం ప్రతి మంగళవారం రాత్రి ఒకరింట్లో కూడుకుంటాం. ఒక పాట, ఒక అధ్యాయం, ప్రార్థన, తర్వాత టీ తాగుతూ కష్టం సుఖం. పోయిన రబీలో ఒక తమ్ముడు రెండు వారాలు రాలేదు. చర్చిలో ఎవరూ గమనించలేదు. చాప మీద మాత్రం ఖాళీ తెలిసిపోయింది. వెళ్లి కూర్చుంటే బోరు ఎండిన సంగతి, అప్పు సంగతి బయటపడ్డాయి. భార్యకు కూడా చెప్పలేదంట. ప్రార్థన చేశాం. పక్క చేను అన్న పంట చేతికొచ్చేదాకా తన బోరు నీళ్లు పెట్టాడు. అప్పు ఇంకా ఉంది గానీ మనిషి నిలబడ్డాడు.

ఇది కొత్తదేం కాదు. అపొస్తలుల కాలంలో విశ్వాసులు ఇంటింట రొట్టె విరిచారు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ సంఘంవాళ్లు మందిరం అప్పు తీర్చడానికి, పన్నెండుమందికి ఒకర్ని పెట్టి వారానికో పెన్నీ వసూలు చేశారు. ఇల్లిల్లూ తిరిగేసరికి ఎవరి బతుకు ఎట్లా ఉందో తెలిసొచ్చింది. ఆ వసూలే తర్వాత వారం వారం కూడిక అయింది.

కట్టుబాటు ఒక్కటే: అక్కడ విన్నది గడప దాటకూడదు. దాటితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

మీ ఊళ్లో లేకపోతే నాలుగిళ్లతో మొదలుపెట్టండి. ఎవరు రాలేదో చూసి, ముందు ఆ ఇంటికి వెళ్లండి.