మేరీ ఒంటిగది

మినియాపొలిస్‌లో కెన్‌వుడ్ పేటకు ఒక పాత ఇల్లు చూడబోయాను. 1970 నుంచి 1977 దాకా అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ‘మేరీ టైలర్ మూర్ షో’ కథానాయిక మేరీ రిచర్డ్స్ మొదట కాపురమున్నది అందులోనే. ముప్పయ్యేళ్ల అవివాహిత; ఉన్నది ఒకే గది. పగటి సోఫాయే రాత్రికి మంచం. వంటమూలకు రంగుటద్దాల తెర. దించితే గిన్నెలు కనబడవు. గోడమీద తన పేరులోని ‘ఎమ్’ అక్షరం!

తీరాచూస్తే కెమెరాకు చిక్కింది ఇంటి బయటిభాగమే. గది లాస్ ఏంజిలిస్ స్టూడియోలో వేసిన సెట్టు. అయినా అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. మా పెద్దత్తయ్య ఉమ్మడి ఇంట్లో, వంటింటి మూలనే బతుకు వెళ్లబుచ్చింది. ఆవిడకు తనదంటూ ఒక గోడయినా లేకపోయింది.