చీకట్లో ఉన్నదెవరు?

సస్పెన్సు అంటే ఏమిటో ఆడవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పాలు పొయ్యిమీద పెట్టి, వీధిగుమ్మంలో కేకేసిన పోస్టుమాన్ కి సంతకం పెట్టడానికి పరిగెత్తే మనిషికి అది రోజూ ఉండేదే. ఇంటర్వ్యూకి వెళ్ళిన పిల్లవాడి దగ్గర్నుంచి ఫోను రాకపోవడం ఒక సస్పెన్సు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పకోడీలన్నీ తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచిపోవడం అంతకన్నా పెద్ద సస్పెన్సు. ఇక మనమంతా వారపత్రికల సీరియల్స్ చదివి పెరిగినవాళ్ళమాయె. కథానాయిక చీకటిగదిలో అడుగు పెడుతుంది, వెనకనుంచి భుజంమీద ఓ చెయ్యి పడుతుంది, కింద చిన్న అక్షరాల్లో "సశేషం" అని ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో తెలియడానికి ఏడు రోజులు! ఆ ఏడు రోజులూ పులుసులో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా ఆ రచయిత్రిదే పూచీ.

తీరా పైవారం చూస్తే ఆ చెయ్యి ఏ మేనబావదో, తోటమాలిదో అయ్యేది. ఉసూరుమని పత్రిక మూసి పనిలో పడేవాళ్ళం. అందుకే నాకో అభిప్రాయం ఏర్పడిపోయింది. సస్పెన్సు ఎంతసేపు సాగదీశారన్నది గొప్పకాదు. ముడి విప్పాక మూటలో ఏం మిగిలిందన్నది చూడాలి.

ఈమధ్య అలా మూటనిండా మిగిల్చిన కథ ఒకటి చూశాను. మన పత్రికల్లోది కాదు, అమెరికా టీవీ వాళ్ళది. పేరు 'స్టార్ ట్రెక్'. 1966 సెప్టెంబరు 8న అక్కడ మొదలై, 1969 దాకా మూడు విడతలుగా 79 భాగాలు నడిచింది. 1980లలో మన దూరదర్శన్ కూడా ఆదివారాలు పొద్దుటిపూట దాన్ని వేసింది. చెవులు మొనదేలి, ఎప్పుడూ నవ్వని స్పాక్ అనే గ్రహాంతరవాసి అంటే అప్పటి పిల్లలకి ఇప్పటికీ గుర్తే. అంతరిక్షంలో ఒక ఓడ, దానికో కెప్టెన్ కిర్క్, మాటకి మాట తగిలించే డాక్టర్ మెకాయ్. వీళ్ళు గ్రహానికో సమస్యని వెతుక్కుంటూ తిరుగుతారు.

సంక్రాంతికి కాకినాడ కాలేజీ నుంచి వచ్చిన మావాడికి ఈ పాత సీరియల్ అంటే పిచ్చి. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూసి వచ్చాం కదా, మర్నాటికి ఎవరికీ కాళ్ళు కదిలే ఓపిక లేదు. సాయంత్రం అందరం హాల్లో చేరితే వాడు టీవీలో ఒక భాగం పెట్టాడు. 1967 మార్చి 9న వచ్చినదట. జీన్ కూన్ అనే ఆయన రాశాడు. పేరుకి తెలుగు చెప్పమంటే "చీకట్లో దయ్యం" అన్నాడు. దయ్యం అనేసరికి మా అత్తయ్యగారు చిక్కుడుకాయల చేట పట్టుకుని వచ్చి చాపమీద బైఠాయించారు. ఆవిడకి ఇంగ్లీషు ఒక్కముక్క రాదు. మావాడే పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చాడు.

కథ ఇదీ. ఎక్కడో ఒక గ్రహం. దానిమీద గాలీ లేదు, చెట్టూ లేదు, అంతా రాయే. ఆ రాతి అడుగున గనులు తవ్వి విలువైన ఖనిజం తీస్తుంటారు మనుషులు. ఉన్నట్టుండి సొరంగాల్లో మనుషులు చచ్చిపోవడం మొదలవుతుంది. కాపలా కాస్తున్నవాడు కాస్తున్నచోటే మాడి మసైపోతాడు. యాభై మంది పోయారు. చేసిందేమిటో సరిగ్గా చూసినవాడు బతికిలేడు. రాతిని వెన్నలా కరిగించి దారి చేసుకుని వస్తుంది, అంతలోనే మాయమవుతుంది.

చాలదన్నట్టు, గనిలో అందరికీ ఊపిరి ఆడించే యంత్రంలోంచి ఒక పంపుని అది ఎత్తుకుపోయింది. మరమ్మతు చేసి ఏదో అతుకు పెట్టారుగాని, అది ఎన్ని గంటలో నిలవదు. ఈలోగా ఆ జంతువునన్నా పట్టుకోవాలి, పంపునన్నా వెతకాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఈరోజుల్లోలాంటి కంప్యూటరు మాయలు లేవు. సొరంగం అట్టముక్కలతో కట్టినట్టు తెలిసిపోతూనే ఉంది. అదిగో వచ్చింది అంటూ చూపించిన జంతువు, నిప్పులమీద మరిచిపోయిన దిబ్బరొట్టెలా ఉంది. లోపల ఒక నటుడు దూరి నేలమీద పాకాడట. అయినా సరే, చీకటి సొరంగంలో ఆ రొట్టె గరగరమంటూ కదులుతుంటే మావారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకున్నారు. చల్లగా ఉందని అన్నారు లెండి.

కెప్టెనుదీ స్పాక్ దీ ఒక మాట కాదు. అలాంటి ప్రాణి లోకంలో అదొక్కటే మిగిలి ఉండొచ్చు, చంపవద్దంటాడు స్పాక్. యాభై మంది పోయాక ఇంకా దయేమిటి, కనబడగానే కాల్చాలంటాడు కెప్టెన్. ఇద్దరూ చెరో సొరంగంలోకీ వెళతారు. కెప్టెన్ వెళ్ళిన దారిలో పైకప్పు కూలి వెనక దారి మూసుకుపోతుంది. తిరిగి చూస్తే ఎదురుగా అది. ఒక పక్క రాతిగోడ, ఇంకోపక్క మృత్యువు. చేతిలో తుపాకీ ఉంది. ఇక్కడ చూడండి చిత్రం! ఇందాకటిదాకా చంపవద్దన్న స్పాక్, స్నేహితుడికి ప్రమాదం అని తెలిసేసరికి దూరంనుంచి కాల్చేయమని కేకలేస్తాడు. చంపాలన్న కెప్టెనేమో కాల్చడు. అది మీదికి రావడం లేదు, చూస్తోంది. ఈయనా చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

సశేషం అని ఎవరూ వెయ్యనక్కర్లేకపోయింది. ఇంట్లో నలుగురం, చీకట్లో నోళ్ళు తెరుచుకుని ఉన్నాం. మావారు సబ్ స్టేషను వాళ్ళని తలుచుకుంటున్నారు. నేను కొవ్వొత్తికోసం తడుముకుంటున్నాను. అప్పుడు చాపమీదనుంచి తాపీగా ఒక మాట వినిపించింది.

"అది తల్లిరా. గుడ్లమీదుంది."

"అదేంటే అమ్మా, యాభైమందిని చంపిన రాక్షసి తల్లేంటి?" అన్నారు మావారు.

"ఒరే, ఆ గని పెద్ద బల్లమీద గుండ్రటి రాయి ఒకటి చూపించాడా లేదా? కిందన వేలకొద్దీ దొరికాయని చెప్పాడుటగా, అదేదో పనికిరాని రాయన్నట్టు. ఆ చెవులవాడు దాన్ని చేత్తో పట్టుకుని ఎందుకలా చూశాడు మరి? అదిన్నాళ్ళూ ఊరుకుని ఈ మూణ్ణెల్లనుంచే చంపుతోంది అన్నాడు. మూణ్ణెల్లకిందటేగా వీళ్ళు కొత్త అంతస్తు తవ్వింది? అదీ సంగతి. ఈనిన ఆవు దగ్గరికి కొత్తమనిషి వెళితే ఏమవుతుంది? పొదిగే పెట్టమీద చెయ్యి వేస్తే ఊరుకుంటుందా? ఊరికే ఎవరూ మీదికి రార్రా."

ఆ భాగం ముందే చూసినవాడు మావాడొక్కడే. చీకట్లో వాడి మొహం కనబడలేదుగాని, ఇందాకటిదాకా గలగలా మాట్లాడినవాడు కిక్కురుమనలేదు. దాంతో నాకు అర్థమైపోయింది.

కరెంటు వచ్చాక చూస్తే అక్షరాలా అదే. స్పాక్ వచ్చి దాని ఒంటిమీద చేతులు పెట్టి మనసులోకి తొంగిచూస్తాడు. ముందు తెలిసేది కోపం కాదు, నొప్పి. అంతకుముందు వీళ్ళు కాల్చిన దెబ్బ తాలూకు బాధ, దాని వెనక పోయిన పిల్లల దుఃఖం. యాభై వేల ఏళ్ళకోసారి ఆ జాతి అంతా చచ్చిపోతుందట, ఒక్క తల్లి తప్ప. ఆ ఒక్కతే అందరి గుడ్లనూ కాచి, పుట్టిన బిడ్డలందరికీ తల్లవుతుంది. రాయనుకుని గనివాళ్ళు పగలగొట్టి పారేసినవి ఆ గుడ్లే. డాక్టరు మెకాయ్ గొణుక్కుంటూనే, గోడకి తాపీమేస్త్రి సిమెంటు మెత్తినట్టు దాని గాయానికి మెత్తి బాగుచేస్తాడు. అది రాతిమీద మూడే మాటలు చెక్కుతుంది. నన్ను చంపకండి అన్న వేడుకోలో, నేను చంపను అన్న మాటో, ఎటు చదివితే అటే అర్థం వస్తుంది. నాకు ఆ చోట గొంతు పట్టేసింది. ఆ భాగం తీస్తున్నప్పుడే కెప్టెన్ వేషం వేసిన విలియం శాట్నర్ కి తండ్రి పోయాడని కబురు వచ్చిందట. ఆ పూట పని ముగించుకునే వెళ్ళాడట. తనకి అన్నిటిలోకీ ఇష్టమైన భాగం ఇదేనని తరవాత రాసుకున్నాడు.

ఇంతకీ నేను చెప్పవచ్చిందేమిటంటే, చీకట్లో ఏదో కదిలితే మనం వేసే మొదటి ప్రశ్న "ఏమిటది?" అని. సస్పెన్సు కథలన్నీ ఆ ప్రశ్నమీదే నడుస్తాయి. అత్తయ్యగారు వేసిన ప్రశ్న వేరు. "ఎందుకలా చేస్తోంది?" అని. మొదటి ప్రశ్నకి తుపాకీ సమాధానం చెబుతుంది. రెండోదానికి చెప్పలేదు, దగ్గరకెళ్ళి చెయ్యి పెట్టి చూడాల్సిందే.

ఇది సినిమాలకే కాదు. ప్రతి వీధిలోనూ గయ్యాళి అని పేరు పడ్డ ఒకావిడ ఉంటుంది. మా వీధిలోనూ ఉండేది. పిల్లల బంతి ఆవిడ పెరట్లో పడితే ఆశ వదులుకోవడమే. అత్తయ్యగారొక్కరే వెళ్ళి వస్తుండేవారు. లోపలి గదిలో పాతికేళ్ళొచ్చినా మాటలురాని కొడుకున్నాడనీ, పిల్లలు కిటికీలోంచి చూసి వెక్కిరిస్తారని ఆవిడ భయమనీ మాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. తెలిశాక ఆవిడ గొంతు అదే, మాకు వినబడే తీరు మారిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. భూమి అడుగున తవ్వడం, అడుగునున్నది కోపగించుకోవడం కోనసీమవాళ్ళకి కట్టుకథ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి ఒకటి తవ్వుతుండగా అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండి, మార్చి 15కి గాని అణగలేదు. ఆ రోజుల్లో రాత్రి ఏదో పగలేదో తెలిసేది కాదని, ఆకాశం ఎర్రగా ఉండేదని, చుట్టుపక్కలవాళ్ళు పిల్లల్నీ పశువుల్నీ పట్టుకుని ఊళ్ళు వదిలారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దగ్గర్లోనే నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు పైపు పగిలి, నిద్రలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే కాలిపోయారు. ఆ గ్యాసు వద్దని నేననను. దానితో కరెంటు వస్తుంది, ఎరువులు వస్తాయి, మన ఇళ్ళు నడుస్తాయి. కాని కథలో గనివాళ్ళకీ ఆ తల్లికీ చివర ఒక ఒప్పందం కుదిరింది. దాని పిల్లలు వాటి మానాన సొరంగాలు తవ్వుకుంటాయి. అందులో బయటపడ్డ ఖనిజం వీళ్ళు ఏరుకుంటారు. ఎవరి బతుకు వాళ్ళది, ఎవరి వాటా వాళ్ళది. లాభం పెరుగుతుందని వినేసరికి గని పెద్ద మొహం చేటంతయింది! మన కొబ్బరితోటల కింద తవ్వినప్పుడు, పైన కాపురమున్నవాళ్ళ దగ్గర కూర్చుని అలాంటి ఒప్పందం చేసుకున్నదెవరు? తవ్వేముందు ఇక్కడ ఎవరి గుడ్లున్నాయో అని చూసిందెవరు?

అలా చూడడం మనకి తెలియని విద్యా కాదు. కార్తీకమాసంలో నాగులచవితినాడు పొద్దున్నే తలారా స్నానం చేసి, చిమ్మిలి, చలివిడి పట్టుకుని, తోటలో పుట్టదగ్గరికి వెళ్ళి పాలుపోస్తాం. కాటేస్తే ప్రాణం తీసేదని తెలిసే పోస్తాం. తెలియక తొక్కితే కోపగించుకోకు, నీ దారిన నువ్వుండు, మా దారిన మేముంటాం, పిల్లలు తిరిగే చోటని చెప్పుకుంటాం. పాము పాలు తాగదని సైన్సు మాస్టార్లు చెబుతూనే ఉన్నారు, నిజమే. కాని పాము తాగుతుందా లేదా అన్నది కాదు అక్కడ ముఖ్యం. దాని ఇంటిముందు ఏడాదికి ఒక్కసారైనా నిలబడి, ఇది దీని ఇల్లు సుమా అని మన పిల్లలకి చూపించడం ముఖ్యం. మావాడి ఓడ కెప్టెన్ అంత దూరం వెళ్ళి నేర్చుకున్న పాఠం, మన పెద్దవాళ్ళు చెంబెడు పాలతో నేర్పించారు.

వీలైతే ఈ భాగం చూడండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడండి. ఇంగ్లీషు రాదని సందేహించకండి. మధ్యలో ఒకసారి ఆపి, "అదెందుకలా చేస్తోందంటారు?" అని అడిగి చూడండి.