ఎవులు కట్టినారు బాబూ?

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా చెల్లెలి కూతురు ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందుంచింది. డిగ్రీ పూర్తయి రెండేళ్ళయింది. ఉద్దానంలో తమకున్న కాస్త జీడితోట పిక్కలతో పప్పు తీయించి, పొట్లాలు కట్టి, సొంత పేరుతో అమ్మాలని ఆ పిల్ల సంకల్పం. మొదటి పుటలో వ్యాపారం పేరు, రెండో పుటలో రంగుపెన్సిళ్ళతో గీసిన గుర్తు, మూడో పుటలో పొట్లం కొలతలు, నాలుగో పుటలో అయిదేళ్ళ తరువాత రాబోయే లాభం. అన్నీ ముత్యాల వంటి అక్షరాలు.

“బాగుందా మావయ్యా?”

“బాగుందమ్మా. ఎవరు కొంటారు?”

“అందరూ కొంటారు. జీడిపప్పు వద్దనేవాళ్ళు ఎవరుంటారు?”

ఆ ‘అందరూ’ అన్న మాట చెవిన పడగానే నాకు చెప్పలేని దిగులు కలిగింది. 1994లో మా అమ్మ ఎదుట నేను పలికిన మాట అక్షరాలా అదే. పైగా లోపల వంటింట్లో మా చెల్లెలు తన గాజుల మాట ఎత్తడం అప్పటికే విన్నాను. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో ఉద్దానాన్ని ఊడ్చివేసినప్పుడు వాళ్ళ తోటలో నిలబడిన చెట్లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మళ్ళీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపు పట్టాయి. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఇంట్లో ఆ గాజులు కూడా పోతే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. అందుచేత, ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పని నా వ్యాపార వృత్తాంతం ఆ రాత్రి అరుగుమీద కూర్చుని ఆ పిల్లకు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను పొందూరు పంచెలు అమ్మినవాణ్ణి. మా శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాడికి పొందూరు పేరు చెప్పుకోవడం ఒక గర్వం. గాంధీగారు మెచ్చిన నూలు. అక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నాటిది. నూరో నంబరు నూలుతో నేసిన పంచెను చేత్తో పట్టుకుంటే బరువు తెలియదు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచె కట్టి దానికి తెచ్చిన శోభ తెలుగువారందరూ ఎరిగినదే. ఇంత గొప్ప సరుకు చేతిలో ఉండగా అమ్ముడుపోకపోవడమేమిటని నా ధీమా. అమ్మ పేటగొలుసు తాకట్టు పెట్టించి అరవై పంచెలు కొన్నాను. మూట కట్టుకుని విశాఖపట్నం బయలుదేరాను.

అసలు ధరలు ఇప్పుడెందుకు గాని, లెక్క తెలియడానికి పంచె నూరు రూపాయలకు కొన్నాననుకోండి. నూటపదిహేనుకు అమ్మకం. అరవై పంచెల మీద తొమ్మిదివందల లాభమని కాగితంమీద రాసి జేబులో పెట్టుకున్నాను. బస్సు చార్జీలు, హోటలు భోజనాలు, నా తిరుగుడు ఆ కాగితంలో లేవు. సొంత కాళ్ళకు కూలి ఏమిటి అనుకునే వయసు.

మొదటి నెలలో నలభైయొక్క పంచెలు పోయాయి. ఇంటికి ఉత్తరం కూడా రాశాను, వ్యాపారం అద్భుతంగా ఉందని. ఆ నలభైయొక్కటీ ఎవరు తీసుకున్నారో ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నాకు చదువు చెప్పిన మాస్టారు, మా నాన్నగారి స్నేహితులు, మా ఊరినుంచి వెళ్ళి స్థిరపడిన ఉద్యోగులు, వాళ్ళు చెప్పిన మరో నలుగురు. అందులో పద్దెనిమిది మంది రొక్కం ఇచ్చారు, ఇరవైముగ్గురు అప్పు చెప్పారు. కొన్నది పంచెను కాదు, నా ముఖాన్ని. దీనికి నేను తరువాత పెట్టుకున్న పేరు మొహమాటపు అమ్మకం. కొత్తగా అంగడి తెరిచిన ప్రతివాడికీ మొదటి నెల ఇది దొరుకుతుంది. దీనినే గిరాకీ అనుకున్నవాడు రెండో నెలకు మరింత సరుకు తెస్తాడు. నాకు ఆ స్తోమతు లేదు గనుక బ్రతికిపోయాను.

రెండో నెలలో మూడంటే మూడు పంచెలు. పరిచయాలు అయిపోయాయి, ఊరు మాత్రం అలాగే ఉంది. ముక్కూముఖం తెలియని ఒక ప్లీడరుగారి దగ్గర అక్కినేనివారి పేరు ఎత్తాను. ఆయన నవ్వి, “ఆయన కడితే అందం, నేను కడితే ఇస్త్రీ ఖర్చు” అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఒక్క వాక్యంలో ఆయన నాకు ధర అంటే ఏమిటో చెప్పేశారు. నేను అడిగినది నూటపదిహేను. ఆయన లెక్కలో దానికి ఉతుకు, గంజి, ఇస్త్రీ, రెండు పూటలకే నలిగిపోయే చిరాకు కూడా చేరాయి. కొనేవాడు చెల్లించే ధర అమ్మేవాడు చెప్పే ధరతో ఆగదు.

మరొకాయన ఇంకా సూటిగా చెప్పారు: “ఇప్పుడెందుకయ్యా, అక్టోబరులో రిబేటు ఇస్తారుగా.” ఆ రోజుల్లో గాంధీ జయంతికి ఖాదీమీద ఇచ్చే తగ్గింపు కోసం ఖాదీ కట్టేవాళ్ళు కాచుకుని ఉండేవారు. ఆగస్టులో మూట మోసుకు తిరిగిన నాకు ఆ మాత్రం తెలియదు. ఏటా ఒకే సమయంలో ధర తగ్గిస్తే, మిగిలిన నెలల్లో కొనేవాడు తెలివితక్కువవాడన్న సందేశం మనమే పంపినట్టవుతుంది. ఆ రిబేటు పద్ధతిని 2010లో ఎత్తివేసి, దాని స్థానంలో వడికేవారికీ నేసేవారికీ కూడా వాటా చేరే మరో సహాయం పెట్టారు. నా మూట సంగతికి అది పదహారేళ్ళు ఆలస్యం.

చివరికి మిగిలిన పదహారు పంచెలనూ డెబ్బై చొప్పున వదిలించుకున్నాను. ఆ సంగతి మా మాస్టారికి తెలిసింది. ఆయన నూటపదిహేను ఇచ్చి కొన్నారు, అదీ రొక్కం. ఏమీ అనలేదు గాని, ఆ తరువాత ఎప్పుడు కలిసినా వ్యాపారం మాట ఎత్తలేదు. అప్పు చెప్పినవారిలో తొమ్మిదిమంది దగ్గర డబ్బు రాలేదు. ముప్ఫైఅయిదు పంచెలకు నాలుగువేల ఇరవైఅయిదు, పదహారు పంచెలకు పదకొండువందల ఇరవై, వెరసి అయిదువేల నూటనలభైఅయిదు. పెట్టినది ఆరువేలు. ఎనిమిదివందల యాభైఅయిదు నష్టం, తిరుగుడు ఖర్చు కాకుండానే. గొలుసు విడిపించలేకపోయాను. అమ్మ ఆ తరువాత దాని ఊసు ఎత్తలేదు. మెడలో పసుపుతాడు మాత్రం కనబడుతూ ఉండేది.

అన్నట్టు, ఈ విద్యకు పుస్తకాలు లేక కాదు. సరుకు, ధర, చోటు, ప్రచారం అనే నాలుగింటిని నాలుగు ‘పీ’లుగా జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ఆచార్యుడు 1960లోనే పుస్తకంలో పెట్టాడు. ఫిలిప్ కాట్లర్ పుస్తకాలు వాటిని లోకమంతా తిప్పాయి. నేను అవి చదివి ఉంటే గొలుసు దక్కేదా? అనుమానమే. నాలుగు గళ్ళు గీసి నాలుగింటిలోనూ చక్కగా ఏదో రాసుకుని ఉండేవాణ్ణి, మా మేనకోడలు నాలుగు పుటలు నింపినట్టే. కొనేవాడు ఎవరు అన్న సంగతి తేలకుండా ఆ నాలుగు గళ్ళలో ఏం రాసినా ఒకటే.

ఆ సంగతి నాకు తెలియజెప్పినది పొందూరులో ఒక ముసలమ్మ. నష్టం తేలిన కొన్నాళ్ళకు ఆ ప్రాంతంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అరవై పంచెలు అమ్మినవాణ్ణి, నూలు వడకడం ఒక్కసారైనా చూడలేదన్న సిగ్గుతో ఒక నేతపనివాని వెంట ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె వసారాలో కూర్చుని వాలుగచేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ దవడకు ఉన్న సన్నని పళ్ళ వరుస గింజ చుట్టూ ఉన్న పింజను సాపు చేసి, నలుసులను ఏరివేస్తుంది. ఏ కర్మాగారంలోనూ తయారుకాని దువ్వెన అది. గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఆపైన రాట్నం. నేను మూడు నిమిషాల్లో మడత విప్పి చూపించి, బేరమాడి, డెబ్బైకి వదిలేసిన గుడ్డ వెనుక ఎన్ని పూటలున్నాయో అప్పుడు చూశాను.

నేను పంచెలు అమ్మానని నేతపనివాడు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. చేతిపని ఆపింది.

“ఎవులు కట్టినారు బాబూ?”

ఎంతకు అమ్మావని అడగలేదు, ఎన్ని అమ్మావని అడగలేదు. పెళ్ళికొడుకు కట్టాడా, పంతులుగారు కట్టారా, పెద్దాయన ఎవరైనా రోజూ కడుతున్నారా అని ఆమె కుతూహలం. నాకు జవాబు లేదు. తీసుకున్నవాళ్ళ పేర్లూ బాకీలూ నా దగ్గర ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరైనా ఆ పంచె కట్టారో, పెట్టెలో పెట్టారో, ఎవరికైనా పెట్టుబడిగా పెట్టేశారో నేను అడగనేలేదు. “మంచివాళ్ళే కట్టారమ్మా” అని ఒక అబద్ధం చెప్పి లేచాను. ఆ మీదట గుమాస్తా ఉద్యోగం చూసుకున్నాను.

చాలా ఏళ్ళకు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే చోట నిలబడినప్పుడు ఆమె ప్రశ్న మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఒకే పనసదుంగలోంచి వీణను తొలిచే పనితనం వారిది. అయితే వీణ కొన్నవాడు దాన్ని జీవితాంతం దాచుకుంటాడు, రెండోసారి రాడు. అందుచేత అక్కడివారు చిన్నచిన్న వీణలు చేస్తున్నారు. సన్మాన సభల్లో, పదవీ విరమణ సభల్లో ఇచ్చే జ్ఞాపికలు అవి. వాటిని కొనేది వీణ వాయించేవాడు కాదు, ఏటా ఎవరినో ఒకరిని సన్మానించవలసిన కార్యాలయం. సరుకు మార్చలేదు, కొనేవాణ్ణి వేరేచోట వెతికి పట్టుకున్నారు. ఇది వీణకు అవమానమని మొదట్లో నాకు అనిపించింది. ఉలి చేతిలో నిలబడడానికి అదే ఆధారమయ్యాక ఆ మాట అనలేను. అయినా ఒక దిగులు ఉంది: బొమ్మవీణలే చెక్కే కుర్రవాడికి రేపు శ్రుతి పలికే వీణ చేతకాకపోతే?

మా ప్రాంతంలో వ్యాపారం మాట వస్తే పెద్దలందరూ రాజాం వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడ పుట్టిన గ్రంథి మల్లికార్జునరావుగారు జనపనార మిల్లుతో మొదలై 2008 నాటికి శంషాబాదు విమానాశ్రయం కట్టించిన కథ గొప్పదే. కాని విమానాశ్రయం కథ విని పొట్లం కట్టబోయే పిల్లకు భయమైనా వేస్తుంది, భ్రమైనా కలుగుతుంది. అందుకే ఆ రాత్రి నేను నా మూట కథే చెప్పాను.

అంతా విని ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే మానేయమంటావా?” అంది. మానేయమనలేదు. గాజులు మాత్రం వద్దన్నాను. పది కిలోల పప్పు తీయించి, తెలియనివాళ్ళకు అమ్మి, వాళ్ళు మళ్ళీ వస్తారో లేదో చూడమన్నాను. ఆహార పదార్థం గనుక రిజిస్ట్రేషన్ చేయించమన్నాను. పప్పు తీసే ఆడవాళ్ళ చేతులకు జీడి అంటి తోలు ఊడుతుంది, వాళ్ళ కూలిలో కోత పెట్టి ధర తగ్గించవద్దన్నాను. నీ కూలి కూడా రాసుకోమన్నాను.

మొన్న ఫోను చేసింది. జీడిపప్పును లెక్కతో అమ్ముతారు కదా. 320 రకమంటే పౌనుకు మూడువందల పైచిలుకు గుండుపప్పులు, 180 అంటే బాగా పెద్దవి. పెద్ద పప్పుల పొట్లాలకు బేరమాడినవారే గాని మళ్ళీ వచ్చినవారు తక్కువట. పలాసలో అంతకన్నా చవకగా దొరుకుతుంది మరి. కాని బద్దలూ నూకా ఏంచేయాలో తెలియక ఒక పెళ్ళివంటల మేస్త్రికి ఇస్తే, ఆయన వారం తిరగకుండా మళ్ళీ కబురుపెట్టాడట. కూరలోకి నూరేవాడికి గుండు ఎందుకు? ఆయన చెప్పగా ఇంకో ఇద్దరు వంటవాళ్ళు వచ్చారు.

“నోటుపుస్తకంలో అయిదో పుట మొదలెట్టాను మావయ్యా. రెండోసారి కొన్నవాళ్ళ పేర్లు. పదకొండుమంది.”

“నా పేరుందా? నేనూ రెండుసార్లు కొన్నాను.”

“ఉండేది. కొట్టేశాను. నువ్వు మొహమాటం.”