మెరుపు కావాలా, పూత కావాలా?

బేగంబజార్‌లో కారు పెట్టుకోవడం సాహసమైతే, దాని మీద గీత పడకుండా చూసుకోవడం అంతకంటే పెద్ద సాహసం. ఒకవైపు సరుకుల ట్రాలీ ఆటో, ఇంకోవైపు తోపుడు బండి, మధ్యలోంచి దూరిపోయే బైకులు. మిర్చి, పసుపు, ధనియాల పొడి కలిసిన దుమ్ము. పైనుంచి పావురాలు. మా గల్లీలో పదేళ్లుగా నిలబడుతున్న ముదురు నీలం కారు వీటన్నిటికీ సాక్షి. ఎండలో చూస్తే బానెట్ మీద సాలెగూడులా గుండ్రటి గీతలు. వెనక డోర్ మీద బండి కొస గీరుకున్న పొడుగాటి గీత.

నవంబర్‌లో చెల్లి పెళ్లి. అప్పగింతలయ్యాక ఈ కారులోనే అది అత్తారింటికి వెళ్లాలని, అప్పటికి కారు కొత్తదానిలా మెరవాలని నాన్న పట్టు. ఓ డీటెయిలింగ్ షాపులో అడిగితే, "సిరామిక్ కోటింగ్ వేయించండి, 9హెచ్ హార్డ్‌నెస్, ఇక గీతే పడదు" అన్నారు. చెప్పిన రేటు మా ఇంటి నెల ఖర్చంత.

ఆ 9హెచ్ సంగతి ముందు తేల్చేద్దాం. అది పెన్సిల్ టెస్ట్ కొలత. మనం బొమ్మలకు వాడే హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్ల వరసలోదే 9హెచ్ కూడా. పూత మీద పెన్సిల్ నొక్కి గీసి, గీత పడిందా లేదా చూస్తారు. ఇనుప బండి కొసకు ఆ పెన్సిల్‌తో పోలికే లేదు. సిరామిక్ కోటింగ్ మంచిదే. నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, మెరుపు ఎక్కువ కాలం ఉంటుంది. అంతవరకే. రాళ్ల దెబ్బలు ఆపాలంటే పీపీఎఫ్ అనే మందపాటి ఫిల్మ్ అతికించాలి. దాని ఖర్చు ఇంకా ఎక్కువ.

అసలు కారు రంగు ఎంత మందం ఉంటుంది? రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే పల్చన. మెరుపంతా ఆ పొరదే. రంగును ఎండ నుంచి కాచేదీ అదే. పాలిష్ చేస్తే గీత పూడుతుందనుకుంటాం. జరిగేది వేరు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను సన్నగా అరగదీసి, గీత అడుగు మట్టానికి తెస్తాం. ప్రతి పాలిష్‌కీ ఆ పొరలో కొంత పోతుంది. దీనికి అన్‌డూ బటన్ లేదు.

నాన్న ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టులో పని చేస్తున్నాడు. ఈ లెక్కలన్నీ ఫోన్‌లో చూపించబోతే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కళాయి లెక్కనే కదరా. ఎక్కువ తోమితే పోతది." నిజమే. పులుపు ఇత్తడికి తగలకుండా ఆపేది గిన్నె లోపలి తగరం పూతే. గట్టిగా రుద్దితే అది అరిగి ఇత్తడి బయటపడుతుంది. కాకపోతే గిన్నెను వేడిచేసి, నవాసారం చల్లి, తగరం రుద్ది మళ్లీ కళాయి వేయొచ్చు. క్లియర్ కోట్ పోతే మాత్రం పెయింట్ షాపు మెట్లెక్కాల్సిందే.

అందుకే ఇంట్లోనే చేద్దామనుకున్నాను, వీలైనంత తక్కువ అరగదీయాలన్నదే రూలు. కిట్‌లో సగం మా బజార్లోనే దొరికింది. రెండు బకెట్లు, స్ప్రే బాటిల్, మాస్కింగ్ టేపు, డజన్ల లెక్కన మైక్రోఫైబర్ గుడ్డలు. షాంపూ, పాలిష్, చిన్న డ్యుయల్ యాక్షన్ పాలిషర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

ఆదివారం షట్టర్లు దించి ఉన్నప్పుడు, పొద్దున్నే నీడలో మొదలుపెట్టాను. ఒక బకెట్‌లో కారు షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. తుడిచిన గుడ్డను ప్రతిసారీ నీళ్ల బకెట్‌లో జాడించాకే షాంపూలో ముంచాలి. లేదంటే ఇసుక మళ్లీ కారెక్కుతుంది. బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి వెంటనే గుడ్డతో అద్దేయాలి. తర్వాత క్లే బార్‌తో అంటుకున్న మడ్డి తీశాను. అంచుల దగ్గర పూత ఇంకా పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ టేపు వేశాను. జానెడు చోట మెత్తని పాలిష్‌తో చేసి చూస్తే సాలెగూడు చాలావరకు పోయింది. ఇక గరుకు కాంపౌండ్ ముట్టుకోలేదు. చివర్లో వ్యాక్స్.

వెనక డోర్ గీత మీద గోరు నడిపితే టక్కున ఆగింది. గోరు ఆగేంత గీతకు పాలిష్ మందు కాదు. తుప్పు పట్టకుండా టచప్ పెయింట్ చుక్కలుగా పెట్టి వదిలేశాను. డోర్ మొత్తం రంగు వేయిద్దామన్న నాన్నే కాసేపు చూసి, "ఉండనీ. బరాత్‌ల డోర్ ఎవలు చూస్తరు?" అన్నాడు. ఆ బండి ఎవరిదో ఆయనకు తెలుసు. రోజూ వాళ్ల కొట్టుకు సరుకు తెచ్చేదే. ఒక్కసారి కూడా డబ్బులడగలేదు.

అసలు కష్టమైన పని తర్వాతిది. బానెట్ మీద గుండ్రటి గీతలు పావురాల వల్లో పిల్లల వల్లో వచ్చినవి కావు. పదేళ్లుగా రోజూ పొద్దున కొట్టుకు వెళ్లేముందు నాన్న పొడిగుడ్డతో దుమ్ము తుడుస్తాడు. దుమ్ములోని ఇసుకే గీస్తుంది. ఇంట్లో ఎవరి మీదా ప్రేమ పైకి చూపించని మనిషి రోజూ చూపించేది ఆ కారు మీదే. నీ వల్లే గీతలు పడ్డాయని ఎలా చెప్పాలి?

కళాయి భాషలోనే చెప్పాను. "పొడి పీచుతో తోమితే ఏమైతది నాన్నా?" అన్నాను. ఆయన బానెట్ వైపు చూశాడు, చేతిలో గుడ్డ వైపు చూశాడు. ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి దుమ్ము జోలికి పోవడం లేదు. పావురం రెట్ట కనిపిస్తే మాత్రం ఆగడు. ఎండకు ఎండితే అది పూతను తినేస్తుందని చెప్పానుగా. తడిగుడ్డ దాని మీద పరిచి, నానేదాకా పక్కనే నిలబడి, అప్పుడు మెల్లగా ఎత్తుతాడు. అప్పటిదాకా కొట్టుకు లేటైనా ఫర్వాలేదట.