మందుల కొట్టు కోట

చిన్నప్పుడు మేం మద్రాసులో ఉండేవాళ్ళం. మౌంట్ రోడ్డు మీదుగా వెళ్ళే బస్సెక్కితే చాలు, కిటికీ పక్క సీటు కోసం అన్నయ్యతో తగువే. ఎందుకంటారా? దారిలో ఒక కోట వచ్చేది. ఎర్రటి గోడలు, కమానులు, ఆకాశంలోకి లేచిన బురుజులు. లోపల రాజకుమారి ఉంటుందని నా గట్టి నమ్మకం.

"రాజకుమారీ లేదు, నీ మొహమూ లేదు. అది భారత్ ఇన్సూరెన్సు బిల్డింగు" అనేది అమ్మ.

పెద్దయ్యాక తెలిసింది, అసలు కథ ఇంకా తమాషాగా ఉందని. 1897లో దాన్ని కట్టించింది డబ్ల్యూ.ఇ. స్మిత్ అనే మందుల కంపెనీ! అప్పటి పేరు కార్డైల్ బిల్డింగ్. నమూనా గీసినవాడు జె.హెచ్. స్టీఫెన్స్. మందులమ్ముకోవడానికి నవాబుల హంగులతో అంత మేడా అని ముక్కు మీద వేలేసుకున్నాను. 1934లో భారత్ ఇన్సూరెన్సు కంపెనీ కొనుక్కుంది. 1956లో జీవిత బీమా జాతీయమయ్యాక ఎల్లైసీ చేతికొచ్చింది. 1959లో అదే రోడ్డు మీద ఎత్తైన ఎల్లైసీ మేడ లేచింది. ఇంక ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళంతా తలెత్తి దాన్నే చూశారు. కొత్త కోడలొచ్చాక అత్తగారిలా కోట ఓ పక్కకి తప్పుకుంది.

2006లో పడగొట్టడం మొదలుపెట్టారు. పాత కట్టడాల కోసం పాటుపడే ఇంటాక్ సంస్థ కోర్టుకెళ్ళి ఆపించింది. 2010లో మద్రాసు హైకోర్టు దాన్ని కాపాడాలని తీర్పిచ్చింది. ఆ సంతోషం పట్టలేక అమ్మకి ఫోన్ చేశాను.

"మంచిదే. మరి లోపల ఎవరైనా ఉంటున్నారా?" అంది.

ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు.

కొన్నేళ్ళ తరవాత చెన్నై వెళ్ళినప్పుడు కోట ముందు నిలబడ్డాను. సగం కూలిన గోడలు. పగుళ్ళలో మొలిచిన మొక్కలు. చట్టం కాపాడింది, నిజమే. కానీ దీపం పెట్టే మనిషి లేదు.

నాన్న పోయాక అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటోంది. కిటికీలకి గ్రిల్సు పెట్టించాం. వంటమనిషిని కుదిర్చాం. బి.పి. మిషన్ కొన్నాం. "అమ్మకేం లోటు చెయ్యలేదు" అని అన్నయ్యా నేనూ ఫోన్లో సర్టిఫికెట్లు ఇచ్చుకుంటాం. నేను వెళ్ళి ఎనిమిది నెలలయింది.

ఆ రాత్రి హైదరాబాదు రైలెక్కినదాన్ని, టిక్కెట్టు చేతిలో ఉండగానే నెల్లూరులో దిగిపోయాను.

తలుపు తీసి అమ్మ హడలిపోయింది. "ఏమే, చెప్పా పెట్టకుండా! అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. లోపల ఎవరైనా ఉంటున్నారేమో చూద్దామని వచ్చా."

అమ్మకేం అర్థమయిందో గాని, కళ్ళొత్తుకుని వంటింట్లోకి నడిచింది. "కాళ్ళు కడుక్కురా, దోసెలు పోస్తా."