అమరకోశపు వరుసయు తెరమీది పట్టికయు

నామములను వరుసగా కూర్చి నిలుపుట మన వాఙ్మయమునకు క్రొత్త గాదు. నిఘంటువు, గణపాఠము, అనుక్రమణిక - ఇవి యన్నియు పట్టికలే. కాని వీనిలో ప్రాచీనములైనవి చెవికొఱకు కూర్పబడినవి, కంటికొఱకు గాదు. నేడవి అఱచేతిలో నిముడు ఫోను తెరమీదికి దిగివచ్చినవి. ఈ మార్పులో వరుస చెడినచో అర్థమును చెడునని ఒక చిన్న అనుభవము నాకు తెలిపినది. దానిని పురస్కరించుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా వనస్థలిపురమునకు ఆ పేరు తగియే యున్నది. కృష్ణజింకలకు పేరొందిన హరిణవనస్థలి జాతీయోద్యానము మాకు చేరువనే కలదు. అమరకోశము చదువుకొనుటకై మా యింటికి వచ్చు విద్యార్థులకు ద్వితీయకాండమందలి వనౌషధివర్గమును చెప్పునపుడు ఆ వనమును తలంచుకొనుట నాకలవాటు. ఒకనాడు ఎల్.బి. నగరు నుండి వచ్చు విద్యార్థిని యొకతె చేత పుస్తకము లేక ఫోనులో పాఠమును చూచుచు, “గురువుగారూ, శ్రీఫలమంటే జువ్విచెట్టేనా అండీ?” అని యడిగినది.

అమరసింహుడు మారేడునకు చెప్పిన పేర్లు ఐదు: బిల్వము, శాండిల్యము, శైలూషము, మాలూరము, శ్రీఫలము. వెంటనే జువ్వికి మూడు: ప్లక్షము, జటి, పర్కటి. పిదప మఱ్ఱికి మూడు: న్యగ్రోధము, బహుపాత్తు, వటము. ఆమె చూచిన ఇఱుకు తెరమీద మొదటి వరుసలో నాలుగు పేర్లే పట్టినవి. ఐదవదియగు శ్రీఫలము క్రిందికి జాఱి, క్రొత్త చెట్టు పేరు మొదలగు అంచుననే నిలిచినది. దాని క్రిందనే ప్లక్షము. నడుమ ఎడము లేదు, సంఖ్య లేదు. కన్ను చూపినదానినే బుద్ధి గ్రహించినది. ఇందు బాలిక దోషమేమియు లేదు.

పరీక్షలో నొక మార్కు పోవుట స్వల్పము. కాని బిల్వము దశమూలములలో నొకటి. ప్లక్షము పంచవల్కలములలో నొకటి. ఒక చెట్టు పేరు వేఱొక చెట్టునకు తగులుకొనుట వైద్యశాస్త్రమున స్వల్పవిషయము గాదు.

ఈ ప్రమాదమును అమరసింహుడు ముందే యెఱిగినాడు. గ్రంథారంభముననే ఆయన కొన్ని పరిభాషలను చెప్పినాడు. ‘తు’ అనునది చివర గల పదమును, ‘అథ’ అనునది మొదట గల పదమును తమకు ముందున్న వానితో చేరవని అందొక నియమము. అనగా పద్యము నడుమ ఎచట గీత గీయవలయునో శ్రోతకు ఈ చిన్న అవ్యయములు తెలుపును. లింగనిర్ణయమునకును ఇట్టి సంకేతములే కలవు. నియమమును మొదట చెప్పి తుదివఱకు దానిని పాటించుట - ఇదియే ఆ పట్టికకు ప్రాణము. తరువాతి వ్యాఖ్యాతలు ఒక్కొక్క గుంపు పేర్లను లెక్కించి సంఖ్య చెప్పుటయు ఈ జాగ్రత్తలోనిదే.

తాళపత్రములలో పదములకు నడుమ ఎడము లేకుండ వ్రాయుట వాడుక. అందు ఛందస్సును వ్యాఖ్యయు రక్షకములు. అచ్చు వచ్చిన పిదప ఆ భారము పుటకూర్పు మీద పడినది. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువునందును, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమునందును ప్రధానపదము తన చోటున నుండును. వివరణము దానిని వెన్నంటి యుండును. ఒక పుటలో చూచిన పద్ధతియే వేఱొక పుటలోను కనబడుటచే, పాఠకుడు పద్ధతిని మఱచి పదమును మాత్రమే వెదకును.

తెరకును ఇదియే నీతి. ఆ విద్యార్థినియు ఆమె మిత్రులును పూనుకొని వనౌషధివర్గమును తమకొఱకు క్రొత్తగా ఎక్కించుకొనినారు. నేను కోరినవి ఐదే నియమములు. చెట్టు తెలుగు పేరు మొదట, సంఖ్యతో. సంస్కృతనామములు దాని క్రింద కొంచెము లోపలికి. వరుస తెగి క్రిందికి దిగిన పదము ఎన్నడును అంచును తాకరాదు. గుంపునకు గుంపునకు నడుమ ఎడము, గుంపులోని వరుసల నడిమి ఎడముకంటె ఎక్కువ యుండవలెను. నామములన్నియు ఒకే విభక్తిలో నుండవలెను.

తెలుగు లిపికి మఱియొక జాగ్రత్త కావలెను. మన వత్తులు క్రిందికి వ్రేలాడును. గుడులు పైకి లేచును. ఆంగ్లాక్షరములకు చాలిన ఎడము మనకు చాలదు. పై వరుసలోని వత్తు క్రింది వరుసలోని గుడిని తాకినచో నా వయసు కన్నులకు రెండును అస్పష్టములగును. అకారాది విషయమునను యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. మనము ఓనమాలలో ళకార ఱకారములను హకారము తరువాత చదివితిమి. యూనికోడులో ఱ-కారము ర-కారము వెంట, ళ-కారము ల-కారము వెంట నున్నవి. ఏ క్రమమునైన గైకొనవచ్చును గాని, గైకొన్నదానిని మొదటనే చెప్పవలెను.

పట్టిక సిద్ధమైన పిదప అదే ఫోనులో ఆ బాలిక మారేడు మొదలు మఱ్ఱి వఱకు చదివినది. ఐదు, మూడు, మూడు - లెక్క సరిపోయినది. ప్రాచ్యకళాశాలలలో నేడు గ్రంథములను తెరకెక్కించు యువకులు అక్షరదోషములను దిద్దుటతో పని ముగిసినదని భావింపరాదని నా విన్నపము. పదము ఎచట నిలువవలయునో నిర్ణయించుటయు పరిష్కరణలో భాగమే.