మూడో పిన్ను

2025 మే 3, శనివారం, కాశీబుగ్గ

షాపు షట్టర్ దించబోతుంటే వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒకావిడ ఫోన్. "అన్నయ్యా, మోనిటర్ కాలిపోనాదేటో! పిల్లడు గేము పెట్టె తగిలించాడు, అంతే. ఇప్పుడు కంప్యూటరు కూడా రావట్లేదు." గొంతు వణుకుతోంది. ఆవిడ మరిది దుబాయ్ నుంచి సెలవుకి వస్తూ తను వాడుకున్న పీఎస్4 తెచ్చి పిల్లాడికిచ్చాడట. పెద్దమ్మాయికి ఈ నెలలోనే ఈఏపీసెట్, ప్రాక్టీసు పరీక్షలన్నీ ఆ మానిటర్ మీదే.

తెర మీద ఏమైనా రాత కనిపిస్తోందా అని అడిగాను. నో సిగ్నల్ అని వచ్చి పోతోందట. సగం భయం అక్కడే తీరిపోయింది. కాలిపోయిన మానిటర్ నో సిగ్నల్ అని చెప్పలేదు. ఆ రెండు ముక్కలు చూపించాలన్నా లోపలి బోర్డు, ప్యానెల్, వెనక లైటు అన్నీ పనిచేస్తూ ఉండాలి. కింద అంచున ఉన్న బటన్లు ఒక్కొక్కటే నొక్కించి సోర్స్ మెనూ తెప్పించాను. గేము పెట్టె తీసేసినా మానిటర్ మాత్రం హెచ్‌డీఎంఐ మీదే ఉండిపోయింది. కంప్యూటర్ వైరున్న వీజీఏకి మార్చగానే కంప్యూటర్ తెర వచ్చింది. అమ్మాయి కేక నాకూ వినిపించింది.

సోమవారం వాళ్ల మావగారిని డయాలసిస్‌కి పలాస కిడ్నీ ఆసుపత్రికి తెస్తారు. అప్పుడే పెట్టె, మానిటర్ రెండూ తెమ్మన్నాను.

మే 5, సోమవారం

పెద్దాయన్ని ఆసుపత్రిలో దింపి, తల్లీకొడుకులు షాపుకి వచ్చారు. పిల్లాడికి పదమూడేళ్లుంటాయి. ఒళ్లోంచి పెట్టె దించడు.

మానిటర్ పద్దెనిమిదిన్నర అంగుళాలది, 1366×768. పెట్టె తగిలిస్తే "అవుట్ ఆఫ్ రేంజ్" అని చూపించి నల్లబడుతోంది. మామూలుగా హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే మానిటర్ తను ఏయే సైజు బొమ్మలు చూపగలదో ఒక జాబితా అందిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. పెట్టె సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే ఆ జాబితా చూసుకుని పంపుతుంది. దుబాయ్ గదిలో పెద్ద టీవీ ఉండేదట, బాబాయి 1080పీ అని ఖాయం చేసిపెట్టాడు. ఈ మానిటర్ 720పీ దాకానే తీసుకుంటుంది. తెర నల్లగా ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లే దారి లేదు. ఎవరైనా బెంబేలు పడేది ఇక్కడే.

కానీ ఇంకో దారి ఉంది. పెట్టెని పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కగానే ఒక బీప్, ఏడు సెకన్లకి ఇంకో బీప్. అప్పుడు వదలాలి. సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది, అది తక్కువ రిజల్యూషన్‌లోనే వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతోనే కలపాలి, బ్లూటూత్ అక్కడ పనిచేయదు. బటన్ పిల్లాడి చేతే నొక్కించాను. రెండో బీప్ వినగానే వాడు ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. రిజల్యూషన్ మార్చే వరుస ఎంచుకున్నాం, బొమ్మ వచ్చేసింది.

కానీ నలుపు నలుపుగా లేదు, బూడిద పూసినట్టుంది. టీవీల కోసం పంపే సిగ్నల్లో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ మానిటర్ 0 నుంచి 255 దాకా ఎదురుచూస్తుంది. ఆర్‌జీబీ రేంజ్‌ని ఫుల్‌కి మారిస్తే సరిపోయింది. మానిటర్‌కి స్పీకర్లు లేవు గనక ఇయర్‌ఫోన్లు కంట్రోలర్‌కే పెట్టుకోమన్నాను. ఆడియో మొత్తం హెడ్‌ఫోన్‌కి పంపమనే సెట్టింగ్ కూడా చూపించాను.

డబ్బులేమీ తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ జీడిపిక్కలు ఒక సంచెడు పెట్టి వెళ్లారు.

మే 6, మంగళవారం

టెక్కలిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి ప్రింటర్ పని మీద వెళ్లాను. ఆ దుమ్ములో కూడా కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే ఏ జిల్లూ లేదు. పెద్ద మోటార్ల కోసం ఎర్తు పట్టీలు గట్టిగా వేయించుకున్నారు.

రాత్రి ఆ పిల్లాడి ఫోన్: "మాస్టారూ, బొమ్మ వస్తోంది గానీ కేబుల్ పెడుతుంటే చెయ్యి జిల్లుమంటోంది." కేబుల్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

మే 8, గురువారం

వాళ్ల ఊరికి వెళ్లాను. తోవ పొడుగునా కొబ్బరి. మధ్యమధ్య ఖాళీలున్న చోట చెట్లని 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కూల్చేసింది. తుఫాను తర్వాత ఈ ఇంటికి వైరింగ్ కొత్తగా వేశారు. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి. విప్పి చూస్తే పై రంధ్రం వెనక వైరే లేదు.

క్యాబినెట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మీటరు పెడితే 108 వోల్టులు. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు లైనునీ న్యూట్రల్‌నీ క్యాబినెట్‌కి కలుపుతాయి. ఎర్తు లేకపోతే దాని మీద, కేబుల్‌తో దానికి కలిసిన మానిటర్ మీద మెయిన్స్‌లో సగం తేలుతుంది. కరెంటు స్వల్పమే గనక మనిషికి జిల్లుమంటుంది. హెచ్‌డీఎంఐ పోర్టు చిప్‌కి మాత్రం కేబుల్ తగిలిన ఆ క్షణం చాలు. ఏ తప్పూ లేని మానిటర్లు, కన్సోళ్లు ఇలాగే చచ్చిపోతాయి.

పీఎస్4కి దుబాయ్ ప్లగ్గు, మూడు బల్లపరుపు పిన్నులు. పిల్లాడు "దీనికి ఎర్తు ఉంది కదా" అన్నాడు. పై పిన్ను మీద గోరు పెట్టి గీకించాను: ప్లాస్టిక్. అక్కడి సాకెట్ల లోపలి మూతలు తెరవడానికే అది. లోపల వచ్చేవి రెండు తీగలే.

వైరింగ్ చేసినతను వచ్చాడు. "న్యూట్రల్‌ని పై రంధ్రానికి లాగేస్తే జిల్లు పోద్ది కదండీ" అన్నాడు. వద్దని ఖండితంగా చెప్పాను. ఈ గాలివానల ఊళ్లలో న్యూట్రల్ తెగడం ఎంతసేపు? తెగిన రోజు క్యాబినెట్ మీద మొత్తం 230 వోల్టులూ కూర్చుంటాయి. ఆ ఇంట్లో పిల్లలున్నారు, జబ్బు మనిషి ఉన్నాడు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మే 11, ఆదివారం

ఎర్తు గొయ్యి తవ్వించాం. ఇక్కడి ఇసుక ఎండితే కరెంటుని నేలలోకి పోనివ్వదు. అందుకే స్నానాల నీళ్లు పారే కొబ్బరి మొదలు పక్కన, ఎప్పుడూ తడి ఉండే చోటు ఎంచాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు, పైన నీళ్లు పోసేందుకు గరాటు. మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే తనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. పెద్దాయన మంచం వాకిట్లో వేయించుకుని గొయ్యి పూడ్చేదాకా చూశాడు.

క్యాబినెట్ మీద ఇప్పుడు ఒక వోల్టు కూడా లేదు. పీఎస్4 రెండు తీగలదే గనక విడిగా ఉన్నప్పుడు దాని మీద కొంత తేలుతూనే ఉంటుంది. కాబట్టి పెట్టెకీ మానిటర్‌కీ గోడ స్విచ్ ఆపాకే కేబుల్ పెట్టాలని పిల్లాడికి చెప్పాను, నా ముందే చేయించాను.

తిత్లీ తర్వాత తొందరలో వైరింగ్ వేయించుకున్న ఈ ఉద్దానం ప్రాంతపు ఇళ్లవాళ్లు ఎవరు షాపుకొచ్చినా ఇకమీద ముందు ఇదే అడుగుతాను: మీ సాకెట్ పై రంధ్రంలో వైరుందా? తెలియకపోతే మానిటర్ మార్చే ముందు ఒక్కసారి మీటరు పెట్టించుకోండి.